బెంగళూరు వానలు, ఇంటి చిమ్నీలు: నీళ్ళు దిగేది ఎక్కడ, ఆపేది ఎలా

బెంగళూరులో ఏటా పడే వాన సగటున 970 మిల్లీమీటర్లకు అటూఇటూ. అంకె చూస్తే భయపడాల్సిందేమీ లేదు. అయితే ఆ వాన పంచుకుని పడే తీరు ఇళ్ళకు గట్టి పరీక్షే పెడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట ఉరుములతో, ఈదురుగాలితో అడ్డంగా కొడుతుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి గాలితో కలిసి సన్న తుంపర పడుతూనే ఉంటుంది. సెప్టెంబరు, అక్టోబరుల్లో మళ్ళీ పెద్ద వానలు. ఒక్క సెప్టెంబరులోనే సగటు 200 మిల్లీమీటర్లు దాటుతుంది. అంటే ఏడాదిలో సగానికి పైగా గోడ తడుస్తూ, ఆరుతూ, మళ్ళీ తడుస్తూ ఉంటుందన్నమాట. ఇంటి మొత్తంలో ఈ దెబ్బను ముందుగా తినేవి రెండు. ఒకటి, కప్పు దాటి పైకి లేచి నాలుగు పక్కలా వానకు నిలబడ్డ ఇటుక పొగగొట్టం. రెండోది, గోడకు కన్నం వేసి బయటికి తీసిన వంటింటి చిమ్నీ పైపు.

చిమ్నీల మరమ్మతు గురించి ఇంటర్నెట్‌లో దొరికే సలహాల్లో ఎక్కువ భాగం మంచు కురిసే దేశాలవి. అక్కడ ఇటుకలోకి ఇంకిన నీరు గడ్డకట్టి, ఉబ్బి, ఇటుకను పగలగొడుతుంది. బెంగళూరులో ఆ బెడద లేదు. నగరంలో ఇంతవరకూ నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 7.8 డిగ్రీలు, అదీ 1884 జనవరిలో. ఇక్కడ చిమ్నీలను పాడుచేసేవి వేరు: తడి-పొడి తిరుగుళ్ళు, పొగ వదిలిన ఉప్పులు, సందుల్లో మొలిచే రావిమొక్కలు, మంచి చేస్తున్నామనుకుని పూసే గట్టి సిమెంటు. వీటికి చేయించే మరమ్మతులు నిలవకపోవడానికి ప్రధాన కారణం ఒక్కటే. మచ్చ కనబడ్డ చోట పని జరుగుతుంది, నీరు దిగిన చోట జరగదు. రెండింటికీ మధ్య నాలుగైదు అడుగుల దూరం ఉండొచ్చు. కొన్ని ఇళ్ళలో ఒక అంతస్తు తేడా కూడా ఉంటుంది.

పాత ఇళ్ళ ఇటుక గొట్టాలు

1809లో బ్రిటిషు సైనిక కంటోన్మెంటు ఏర్పడ్డాక ఆ చుట్టుపక్కల లేచిన బంగళాల్లో చలిమంట కోసం గోడలోనే పొగగొట్టం కట్టేవారు. 1898 ప్లేగు తర్వాత విస్తరించిన బసవనగుడి, మల్లేశ్వరం వీధుల్లో పాత ఇళ్ళకు వంటింటి కట్టెల పొయ్యికో, స్నానాల గదిలో నీళ్ళు కాచే హండే పొయ్యికో గొట్టాలుండేవి. ఇప్పుడు ఆ ఇళ్ళలో చాలావాటిలో గ్యాసు, గీజరు వచ్చాయి, పొయ్యి పోయింది, గొట్టం మిగిలింది. అలాంటి ఇల్లు కొనుక్కున్న, అద్దెకు తీసుకున్న తెలుగు కుటుంబాలకు చిమ్నీ ఒక కొత్త సమస్య. రాయలసీమ మట్టిమిద్దెలో పొగ పోయే గవాచి మీద, వాన వస్తే బండ జరిపితే సరిపోయేది. ఇటుక గొట్టంతో అంత సులువుగా తెమలదు.

చెడిపోవడం పైనుంచే మొదలవుతుంది. గొట్టం నెత్తిన, చివరి ఇటుక వరస మీద, సిమెంటు పలచగా పూసి వదిలేస్తారు. పగలంతా ఎండకు కాగి, సాయంత్రం వానకు ఒక్కసారిగా చల్లబడే ఆ పూత రెండు మూడేళ్ళలో నెర్రెలిస్తుంది. వెంట్రుకవాసి పగులే, కింద నిలబడి చూస్తే కనిపించదు. కానీ అలాంటి సన్న పగులు నీటిని గట్టిగా లోపలికి లాగుతుంది, అంత తేలిగ్గా బయటికి వదలదు. నీరు ఇటుకల మధ్య వరసలు దిగుతూ వచ్చి, కప్పు దగ్గరో, పడకగది గోడ మీదో బయటపడుతుంది. అప్పుడు పడకగది గోడకు పుట్టీ పెట్టి రంగు వేస్తారు.

చేయాల్సింది ఆ పలచటి పూతను పూర్తిగా తీసేసి, గొట్టం నెత్తిన కాంక్రీటు టోపీ పోయించడం. అంచుల దగ్గర కూడా కనీసం 3 అంగుళాల మందం ఉండాలి. మధ్యనుంచి బయటికి వాటం ఇవ్వాలి. గోడ కంటే 2 అంగుళాలు ముందుకు రావాలి. ఇంతవరకు మేస్త్రీలు బాగానే చేస్తారు. వాళ్ళు వదిలేసేది టోపీ అంచు కింద, చుట్టూతా, చిటికెనవేలు పట్టేంత గాడి. ఆ గాడి లేకపోతే అంచు దాకా వచ్చిన నీటిబొట్టు కింద పడదు. కాంక్రీటు అడుగును అంటిపెట్టుకుని వెనక్కి పాకి ఇటుక గోడనే చేరుకుంటుంది. గాడి ఉంటే అక్కడ ఆగి, బరువెక్కి, తెగి కిందపడుతుంది. వాన వెలిసిన వెంటనే డాబా ఎక్కి టోపీ అడుగున చూస్తే తేడా స్పష్టంగా తెలుస్తుంది: గాడి దగ్గర బొట్లు వరసగా వేలాడుతూ ఉంటే పని సరిగా జరిగినట్టు. అంచు నుంచి ఇటుక దాకా తడి చారలు కనిపిస్తే జరగనట్టు. సెంట్రింగ్ పలక మీద సన్న పైపు ముక్కనో, బద్దనో పెట్టి పోస్తే గాడి దానంతటదే వస్తుంది. ఖర్చు లేని పని ఇది. దీన్ని మరిచిపోయిన టోపీ ఎంత మందంగా ఉన్నా సగం పనే చేస్తుంది.

గొట్టం నోటికి మూత కావాలి. నాలుగు మూలలా అరడుగు ఎత్తు ఇటుక కాళ్ళు లేపి మీద కడప బండ పరిస్తే చాలు, అది నిలుస్తుంది. పక్కల ఖాళీ మొత్తం కలిపితే గొట్టం నోటి వైశాల్యానికి తగ్గకూడదు, లేకపోతే పొగ వెనక్కి తంతుంది. పావురాలు గూళ్ళు పెట్టకుండా వల కొట్టొచ్చు. అయితే కట్టెల పొయ్యి ఇంకా వాడుతున్న ఇంట్లో సన్న కన్నాల వల మసితో మూసుకుపోతుంది. అరంగుళం కన్నాలదే వేసి, ఏడాదికోసారి దులపాలి.

ఇటుకల మధ్య సున్నం సంగతి ఇంతకంటే ముఖ్యమైంది. పాత గొట్టాలు సున్నంతో కట్టినవి. ఆ సున్నం మెత్తనిది, నీటి ఆవిరిని పోనిస్తుంది. తడిసిన గోడ ఇటుకల సందుల్లోంచి ఆరిపోతుంది. సున్నం రాలిపోయిన సందుల్లో ఈనాటి మేస్త్రి సిమెంటు కూరితే ఆ ఆరే దారి మూసుకుపోతుంది. తడి ఇక ఇటుక ముఖం గుండానే బయటికి రావాలి. వస్తూ వస్తూ ఉప్పును వెంట తెచ్చి అక్కడ వదులుతుంది. ఆ ఉప్పు పలుకులు పెరిగి ఇటుక ముఖాన్ని పొరలు పొరలుగా రాలుస్తాయి. కొన్నేళ్ళకు సిమెంటు గీతలు బయటికి పొడుచుకొచ్చి, ఇటుకలు లోపలికి తినేసినట్టు కనిపిస్తాయి. పాత ఇళ్ళ పిట్టగోడల మీద కూడా ఇదే దృశ్యం. సందును అంగుళం లోతు దాకా గీకి, దుమ్ము దులిపి, నీళ్ళు చల్లి, నానబెట్టిన సున్నం ఒక పాలు, ఇసుక మూడు పాళ్ళు కలిపి పెట్టాలి. సున్నం పని తెలిసిన మేస్త్రి దొరక్కపోతే సిమెంటు ఒకటి, సున్నం ఒకటి, ఇసుక ఆరు పాళ్ళు కలిపినా ఫరవాలేదు. వట్టి సిమెంటు మాత్రం వద్దు. దాని మీద నీరు పట్టని రంగు పూయడం మరీ అన్యాయం, ఎందుకంటే లోపల చిక్కిన తడి అక్కడే ఉండిపోతుంది.

పెంకుటింటి కప్పును చీల్చుకుని వచ్చిన గొట్టానిది ఇంకో చిక్కు. బాసెల్ మిషన్ వారు 1865లో మంగళూరులో పెంకుల కార్ఖానా పెట్టినప్పటి నుంచి ఆ పెంకు బెంగళూరుకూ విరివిగా వచ్చింది. పెంకులు కూర్చునేది కర్ర వాసాల మీద. కర్ర తేమకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. ఇటుక గొట్టం కదలదు. కదిలేదానికీ కదలనిదానికీ మధ్య సిమెంటు రాస్తే మొదటి వేసవికే విడిపోతుంది. ఏటా మళ్ళీ రాస్తారు, ఏటా విడిపోతుంది. అక్కడ కావాల్సింది రేకు. జింకు రేకునో, అల్యూమినియం రేకునో కోణంలో వంచి, ఒక అంచు పెంకుల కిందికి (గొట్టానికి దిగువ వైపు మాత్రం పెంకుల మీదికి), ఇంకో అంచు ఇటుక సందులో గీకిన గాడిలోకి పోనిచ్చి, ఆ గాడిని మాత్రం సున్నంతో మూయాలి. రేకు రెండు వైపులా ఒదుగుతుంది. గొట్టం వెనక, అంటే వాటానికి ఎగువన, నీరూ ఎండుటాకులూ పోగయ్యే చోట రేకును చిన్న వెన్నుగా ఎత్తి నీటిని రెండు పక్కలకీ చీల్చాలి. చెట్లున్న వీధుల్లో ఆ మూలను ఏటా మే నెలకు ముందు ఊడ్చితీరాలి.

రావి, మర్రి మొలకలను చిన్నవని వదిలేయకూడదు. పక్షుల రెట్టల్లో వచ్చిన గింజ పగిలిన సందులో మొలుస్తుంది. రెండాకులున్నప్పుడు చేత్తో వస్తుంది. వేరు లోపలికి దిగాక కాండం నరికితే మళ్ళీ చిగురిస్తుంది, వేరు లావెక్కి ఇటుకలను ఎడం చేస్తుంది. అప్పుడిక ఆ మేరకు ఇటుక వరసలు విప్పి, వేరు తీసి, మళ్ళీ కట్టుకోవాల్సిందే.

వాడకం మానేసిన గొట్టాల విషయంలో ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. దోమలు, ఎలుకలు రాకుండా పైనా కిందా గట్టిగా మూసేస్తారు. లోపల గాలి ఆడక తేమ నిలుస్తుంది. దానికి తోడు, ఎన్నో ఏళ్ళ కట్టెల పొగ వదిలిన ఉప్పులు ఇటుకలోనూ పూతలోనూ ఉంటాయి. ఇవి గాలిలో తేమను పీల్చుకుంటాయి. అందుకే వాన పడకపోయినా, మబ్బు పట్టిన రోజున గొట్టం దగ్గరి గోడ మీద పసుపు, గోధుమ రంగు మచ్చ తడిగా మెరుస్తుంది, ఎండ కాస్తే మాయమవుతుంది. ఇది కప్పు కారడం కాదు. ఎన్నిసార్లు డాబాకు వాటర్‌ప్రూఫింగ్ చేయించినా ఈ మచ్చ పోదు. ఆ మేరకు పాత పూతను ఇటుక దాకా చెక్కేసి, సున్నపు పూత వేసి, గొట్టం అడుగున ఒక జాలీ, పైన మూత కింద ఖాళీ ఉంచి గాలి ఆడనివ్వాలి. పాత హండే పొయ్యిలకు ఆస్బెస్టాస్ సిమెంటు పైపులు కూడా బిగించేవారు. అలాంటి పైపును రంపంతో పొడిగా కోయకూడదు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు ప్రమాదం. తడిపి, పగలకుండా మొత్తంగా దించాలి.

వంటింటి చిమ్నీ, గోడలో కన్నం

మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్, ఎలక్ట్రానిక్ సిటీ వైపు ఫ్లాట్లలో చిమ్నీ అంటే పొయ్యి మీద గోడకు బిగించిన యంత్రం, దాని నుంచి 6 అంగుళాల పైపు. పోపుల వంట ఎక్కువ కాబట్టి తెలుగు వంటింట్లో దాని పనీ ఎక్కువే. వానాకాలంలో వచ్చే ఫిర్యాదులు రెండు: ఫిల్టరు నుంచి నల్లటి చుక్కలు పడటం, పైపు దూరిన గోడ చుట్టూ చెమ్మ.

నల్లటి చుక్కలు ఎప్పుడు పడుతున్నాయో గమనిస్తే సగం తగువు తీరుతుంది. ఎండ రోజుల్లోనూ బెల్లం పాకంలా జిగటగా కారుతుంటే అది నూనె, ఫిల్టరూ నూనె గిన్నే కడగాలి. డిసెంబరు, జనవరి చలిలో అన్నం, పప్పు ఉడికేటప్పుడు మాత్రమే పలచగా కారితే, ఆవిరి చల్లటి పైపులో నీరై వెనక్కి వస్తోందని అర్థం. పైపు ఎక్కడైనా కిందికి వంగి సంచిలా వేలాడుతోందేమో చూసి నిటారుగా లాగించాలి. పడమటి గాలితో వాన కొట్టిన రోజునే కారితే వాన నీరు పైపులోంచే వస్తోందన్నట్టు. అప్పుడు ముందుగా చిమ్నీ స్విచ్చీ, దాని ఎంసీబీ (మీటరు బోర్డులో ఆ లైను స్విచ్చి) కట్టేయాలి. నూనె, నీరు కలిసి మోటారు దాకా పోతే యంత్రం పోవడం ఒక ఎత్తు, దాని బాడీ ముట్టుకుంటే షాకు కొట్టడం ఇంకో ఎత్తు. ఇంటికి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చి) ఉందా, చిమ్నీ ప్లగ్గుకు ఎర్త్ ఉందా అన్నది ఈ సందర్భంలోనైనా ఒకసారి చూపించుకోవాలి.

వాన పైపులోకి రావడానికి మూలం కన్నం కొట్టిన తీరే. బెంగళూరు గోడలు ఎక్కువగా 6, 8 అంగుళాల సిమెంటు దిమ్మెలవి. ఉలి, సుత్తి పెట్టి కొడితే లోపలి వైపు కన్నం ఆరంగుళాలున్నా బయటి వైపు దిమ్మె పెచ్చులూడి తొమ్మిది పది అంగుళాలకు పెరుగుతుంది. ఆ ఖాళీని దిమ్మె ముక్కలతో, కాస్త మాలుతో నింపుతారు. అది ముడుచుకుని పైపు చుట్టూ ఉంగరంలా చీలిక ఇస్తుంది. కోర్ కటింగ్ మిషన్‌తో కొట్టిస్తే కన్నం గుండ్రంగా, శుభ్రంగా వస్తుంది. బీమునూ, స్తంభాన్నీ ఎట్టి పరిస్థితిలోనూ తాకకూడదు. కన్నంలో ఒక గట్టి పైపు ముక్కను తొడుగులా బిగించి, బయటి చివర లోపలి చివర కంటే అరంగుళం కిందికి ఉండేలా వాటం ఇవ్వాలి. ఆ ముక్క గోడ దాటి రెండు మూడు అంగుళాలు బయటికి రావాలి. దాని చుట్టూ పీయూ (పాలీయురేథేన్) సీలెంటు పెట్టాలి. చాలామంది పీయూ ఫోమ్ కొట్టి వదిలేస్తారు. ఎండ తగిలితే అది పసుపెక్కి, పొడిపొడిగా రాలిపోతుంది. ఫోమ్ వాడితే దాని మీద పూత తప్పనిసరి. బయట కిందికి నోరున్న కౌల్ కవరు, లోపల గాలి ఆగగానే మూసుకునే ఫ్లాపు ఉండాలి. ఆ ఫ్లాపు నూనె జిడ్డుతో తెరుచుకునే ఉండిపోతుంది కాబట్టి వానలకు ముందు తుడవాలి.

కన్నం చిన్నదైందని 6 అంగుళాల పైపును 4 అంగుళాలకు కుదించే అలవాటు ఉంది. గాలి పోయే దారి ఆ దెబ్బతో సగానికి పైగా తగ్గిపోతుంది. మోత పెరుగుతుంది, పొగ పోదు, నూనె పైపులోనే పేరుకుంటుంది. అద్దె ఇళ్ళలో గోడ కొట్టడానికి ఓనర్ ఒప్పుకోకపోతే కిటికీ అద్దం తీసి ఆ చోట ప్లైవుడ్ బిగిస్తారు. ఒక్క వానాకాలానికే ప్లైవుడ్ ఉబ్బిపోతుంది. అదే చోట ఏసీపీ (అల్యూమినియం పొరలున్న ప్లాస్టిక్) షీటో, అక్రిలిక్ షీటో పెట్టి అంచులకు సిలికాన్ పట్టిస్తే నిలుస్తుంది, ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అద్దం మళ్ళీ పెట్టేయొచ్చు.

వానకు కిటికీలన్నీ మూసి చిమ్నీ వేసుకునే ఇళ్ళలో ఒక ప్రమాదముంది, దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. గంటకు వెయ్యి ఘనపు మీటర్లకు పైగా లాగుతుందని ప్రకటించే యంత్రాలివి. అంత గాలి బయటికి పోతే అంత గాలి ఎక్కడినుంచో లోపలికి రావాలి. వంటింటి వెనక యుటిలిటీలోనో, బాత్రూములోనో గ్యాస్ గీజరు ఉంటే, దాని పొగ బయటికి పోయే బదులు ఇంట్లోకి తిరిగి రావచ్చు. అందులోని కార్బన్ మోనాక్సైడుకు రంగూ లేదు, వాసనా లేదు. తలనొప్పి, కళ్ళు తిరగడం, మగత వచ్చేసరికే ఆలస్యమవుతుంది. చిమ్నీ నడిచేటప్పుడు వంటింటి కిటికీ ఒకటి నాలుగు వేళ్ళు తెరిచి ఉంచాలి. గ్యాస్ గీజరు బాత్రూము లోపల ఉండనే కూడదు. కట్టెల పొయ్యి వాడే ఇంట్లో గొట్టం పావురాల గూళ్ళతో మూసుకుపోయినా ఇదే ప్రమాదం.

ఎక్కడ కారుతోందో తేల్చుకోవడం

మరమ్మతుకు ముందు రెండు చిన్న పరీక్షలున్నాయి. మొదటిది, చెమ్మ మచ్చ మీద అడుగు పొడవూ అడుగు వెడల్పూ ఉన్న ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు అంచులా టేపుతో అంటించి రెండు రోజులు వదిలేయడం. కాగితం వెనక, గోడ వైపు నీటి బిందువులు పడితే తడి గోడలోంచి వస్తోంది. ముందు వైపు పడితే అది ఇంట్లోని ఆవిరి, గాలి ఆడితే చాలు.

రెండోది పైపుతో నీళ్ళు పట్టడం. ఒకరు డాబా మీద, ఒకరు ఇంట్లో మచ్చ దగ్గర ఉండాలి. నీళ్ళు కిందినుంచి మొదలుపెట్టాలి: ముందు గొట్టమూ కప్పూ కలిసే అతుకు మీద ఓ అరగంట, తర్వాత గొట్టం మధ్య భాగం, చివరికి నెత్తి. పైనుంచి మొదలుపెడితే నీరు అన్ని చోట్లా పారి, ఎక్కడ దిగిందో తేలదు. ఏ అంచెలో లోపల తడి మొదలైందో అదే చోటు. ఓపిక కావాలి గానీ, దీనికయ్యేది ఒక పూట.

పని చేయించడానికి అనువైన కాలం జనవరి నుంచి మార్చి. గోడ అప్పటికి లోపలిదాకా ఆరి ఉంటుంది. తడి గోడ మీద పెట్టిన సీలెంటు సరిగా అంటుకోదు. సున్నం పని కనీసం వారం పాటు తడి గోనెపట్టా కప్పి ఉంచాలి కాబట్టి ఎండాకాలపు చివరి రోజుల్లో హడావుడిగా పెట్టుకోకూడదు. పరీక్ష కిందినుంచి చేసినా, పని వరస మాత్రం పైనుంచి కిందికే: టోపీ, సందులు, కప్పు అతుకు, ఆ తర్వాత లోపలి పూత. లోపలి గోడకు రంగు మాత్రం ఒక వానాకాలం చూశాకే.

బెంగళూరులో తాపీ పనికి అనంతపురం, మదనపల్లె వైపు నుంచి వచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు. భాష ఒకటే కాబట్టి ఏం కావాలో విడమరిచి చెప్పుకోవచ్చు. "పైన కెమికల్ కొట్టేద్దాం సార్, గ్యారంటీ" అన్న మాటతో బేరం మొదలైతే, నీరు ఎక్కడ దిగుతోందో ముందు చూపించమని అడగాలి. సున్నం ఏ పాళ్ళలో కలుపుతాడో, టోపీ కింద గాడి పెడతాడో లేదో, రేకు ఏ మందం వాడతాడో కాగితం మీద రాయించుకోవాలి. కూలీలో కొంత భాగం మే నెల వానల దాకా ఆపుకుంటామని మొదటే చెప్పి ఒప్పించుకోవాలి. అపార్టుమెంటులో అయితే బయటి గోడ, పొగ డక్టు ఉమ్మడి ఆస్తి. కన్నం కొట్టడానికి ముందు అసోసియేషన్ దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకుంటే, తర్వాత కింది ఫ్లాటు గోడకు చెమ్మ దిగినప్పుడు ఎవరు బాగుచేయాలన్న పేచీ రాదు.